ముక్కు మాస్టారి ట్యూనా

ఆదివారం పొద్దున్నే పెద్దాయన బజారు సంచి తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు. అందులో రెండు వేళ్ల మందాన కోసిన ట్యూనా చేప ముక్కలు మూడు. భార్య పోయాక ఆయన బజారుకు వెళ్లడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి కదలడం చూసి కోడలికి ప్రాణం లేచొచ్చింది.

రేవులో చేపల వాసన చూసి ధర తేల్చడం ఆయన చేసిన ఉద్యోగం. అక్కడందరూ ముక్కు మాస్టారనేవారు. రిటైరయ్యాక కూడా ఇంట్లో చేపల సంగతిలో ఆయన మాటకు తిరుగులేదు. తాజా ట్యూనాకు ఉప్పూ మిరియాలూ చాలునని, బాగా కాగిన పెనం మీద రెండు వైపులా కాల్చి నడుమ ఎర్రగా వదిలేయాలని కోడలికి నేర్పింది ఆయనే. అయితే ఆ మధ్య జ్వరపడి లేచినప్పట్నుంచి బజారుకు ఎప్పుడు వెళ్లినా భార్య వెంట ఉండాల్సిందే. ఈ వయసులోనూ క్షణం విడిచి ఉండలేరని కొడుకు ఆటపట్టించేవాడు.

పొట్లం విప్పగానే కోడలు ముఖం తిప్పుకుంది. మామగారు తెచ్చిన చేప కదా, తన ముక్కులోనే ఏదో తేడా ఉందనుకుంది. పెనం మీద వేసేసరికి ఇల్లంతా కంపు కొట్టింది. కొడుకు గదిలోంచి పరుగున వచ్చి స్టవ్ కట్టేశాడు.

"ఎవడో కుళ్లిన సరుకు అంటగడితే తెచ్చేశావా నాన్నా? అమ్మ పోయిన దగ్గర్నుంచీ నీకు దేని మీదా ధ్యాస లేదు. ఇక బజారు పని నేను చూసుకుంటాను."

పెద్దాయన ముఖం మాడిపోయింది. ఆ ఒక్క పనీ పోతే ఈ ఇంట్లో తను మూలన పడేసిన పాత కుర్చీతో సమానం. చేపల గురించి నువ్వా నాకు చెప్పేదంటూ పెనంలోంచి ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమలసాగాడు. పంతమనుకున్నాడు కొడుకు. కోడలు మాత్రం ఆ ముఖాన్నే చూస్తోంది. పంతానికి తినేవాడికైనా వెగటు పుడుతుంది. ఈయన కనుబొమ్మ కూడా కదల్లేదు.

"ఉమ్మేయండి మామయ్యా," అందామె చెయ్యి పట్టుకుని. "మీకు వాసన తెలియట్లేదు కదూ?"

ఆయన సింకులో ఉమ్మేసి కుర్చీలో కూలబడ్డాడు. దాచిందంతా చెప్పాడు. ఆ మధ్య మంచాన పడేసిన జ్వరంతో పాటే వాసనా, రుచీ పోయాయి. అప్పట్నుంచి బజారులో వాసన చూసింది భార్యే. చేప మంచిదైతే ఆయన చెయ్యి నొక్కేది. అదంతా తన గొప్పే అన్నట్టు ఆయన బేరం మొదలుపెట్టేవాడు. ఈవేళ చెయ్యి నొక్కేవాళ్లు లేరు.

కొడుకు కోపం నీరుగారిపోయింది. తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు.

పెద్దాయన లేచి వెళ్లి భార్య స్వెట్టర్ తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. "రోజూ ముఖానికి హత్తుకుంటున్నా. నాకేం తెలియట్లేదమ్మా. మీ అత్తయ్య వాసన దీంట్లో ఇంకా ఉందా? అబద్ధం చెప్పకు. చేప బాగోకపోతే తను బాగోలేదనే చెప్పేది."

కోడలు దాన్ని ముక్కుకు ఆనించుకుంది. ఒట్టి సబ్బు వాసన. మాసిపోయిందని మొన్న ఉతికింది తనే. ఉందనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"లేదు మామయ్యా. తెలీక నేనే ఉతికేశాను," అంటూ భోరుమంది.

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వెట్టర్ మడిచి ఒళ్లో పెట్టుకుని, కోడలి చెయ్యి అందుకున్నాడు.

"వచ్చే ఆదివారం బజారుకి నువ్వు రా అమ్మా. మంచిదైతే నొక్కు."

ఏడుస్తూనే ఆమె తలూపింది.