తలుపు దెబ్బలు తిన్న దూలాలు

2086 నాటికి రాజమహేంద్రవరంలో ఇల్లు కూల్చడం అన్న మాటే పోయింది. ఇప్పుడు ఇల్లు విప్పుతారు. మేకులూ జిగురూ లేకుండా చెక్క దూలాలన్నీ విడికీళ్లతో బిగించి ఉంటాయి కాబట్టి నలుగురు మనుషులు రెండు రోజుల్లో మూడంతస్తులు విప్పేసి యార్డుకి చేరుస్తారు. అక్కణ్నుంచి అవి మరో ఇంటికి వెళ్తాయి.

విడికీలును కనిపెట్టింది వకుళ, నరహరి అనే భార్యాభర్తలు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ప్రతి దూలంలోనూ గోరంత స్మృతిబిళ్ల కూడా పెట్టారు. మోసిన బరువు, పీల్చిన తేమ, తగిలిన అదురు అన్నీ అందులో నమోదవుతాయి. దూలం ఇంకా ఎంత గట్టిగా ఉందో తెలియడానికి పెట్టిన ఆ బిళ్లని మనవాళ్లు జాతకం చేసి కూర్చున్నారు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఎలా ఉండేవాళ్లో తెలిస్తేగాని దూలాన్ని ముట్టుకోరు.

ఒక రోజు ఆ ఇద్దరూ నడిపే యార్డులో నలభై దూలాలు మిగిలాయి. తొంభై రోజుల్లో ఎవరూ తీసుకోని చెక్క బాయిలర్‌కి పోవాలి. ఆ గడువు సాయంత్రం ఐదింటికి తీరిపోతుంది. వకుళ పొద్దుట్నుంచీ ఆ దూలాల చుట్టూనే తిరుగుతోంది.

నాలుగింటికి సుభాషిణి అనే ఆవిడ వచ్చింది. కొడుక్కి పెళ్లి కుదిరింది, కొత్త జంటకి ఇల్లు కట్టించాలట. దూలాన్ని చేత్తో నిమిరి చూసింది, నచ్చింది.

"జాతకం చదివించండమ్మా," అంది.

"బలం చూసుకోండి, చాలు. తొంభై ఆరు శాతం ఉంది," అంది వకుళ.

"బలం ఎవరిక్కావాలండీ? ఆ ఇంట్లో కాపురం ఎలా సాగిందో చెప్పించండి."

నరహరి గొంతు తగ్గించి, "అదురు లెక్క వద్దని నేను అప్పుడే చెప్పాను," అని భార్యతో అన్నాడు.

"మీరా చెప్పింది? పట్టుబట్టి పెట్టించిందెవరండీ?"

బిళ్లలు చదివే యార్డు యంత్రానికి ఈ గొడవ పట్టదు. ఎవరడిగినా ఉన్నదున్నట్టు చదువుతుంది.

"కాపురం ముప్ఫై ఒక్క సంవత్సరాలు. తలుపు విసిరి కొట్టిన సార్లు తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు. కంచాలు నేలకేసి కొట్టిన సార్లు నూట ఆరు."

సుభాషిణి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎవరిదండీ ఈ కొంప?"

వకుళ దాన్ని ఆపే మీట నొక్కేలోపే యంత్రం చెప్పేసింది. "యజమానులు వకుళ, నరహరి."

నరహరి పైకప్పు వైపు చూశాడు. వకుళ ముఖం కందిపోయింది. రోడ్డు వెడల్పు కోసం విప్పిన తమ సొంత ఇల్లే అది. అన్నేళ్లు తమని మోసిన చెక్క తమ నోటి దురుసు వల్ల బూడిదైపోతుందంటే ఆమెకి ఏడుపొచ్చింది.

సుభాషిణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇంత జరిగాక కూడా మీరిద్దరూ కలిసే ఉన్నారా?"

"ఉన్నామండీ," అన్నాడు నరహరి.

"పొద్దున కూడా పోట్లాడుకునే వచ్చాం," అంది వకుళ.

"అయితే నలభైయ్యీ నాకే రాయండి. మావాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పిల్లా ఏం తక్కువది కాదు. ఎంత కొట్టుకున్నా విడిపోనివ్వని దూలాలు కావాలి నాకు."

దూలం విడిపోవడానికే పుట్టిందని వకుళ చెప్పబోయింది. గడియారం చూసి ఊరుకుంది.

సుభాషిణి మాట ఊరంతా పాకి, వారం తిరక్కుండా యార్డు ముందు జనం వరస కట్టారు. అందరికీ తలుపు దెబ్బలు తిన్న దూలాలే కావాలి. ప్రశాంతంగా బతికిన ఇళ్ల దూలాలు ఒక్కొక్కటే బాయిలర్ వైపు కదిలాయి. అది చూసి, ఇల్లు విప్పించబోయే దంపతులు, ఏనాడూ గొంతు పెంచనివాళ్లు సైతం, ఇప్పుడు వంతులేసుకుని, నవ్వుకుంటూ తలుపులు విసిరి కొడుతున్నారు.