మూల సీట్లో గుసగుస

ఆ ఆఫీసులో కిటికీ పక్క మూల సీటుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ పనిచేసినవాళ్లెవరూ ఉద్యోగంలో నిలవలేదట. ఇద్దరు వాళ్లంతట వాళ్లే మానేశారు, మూడో అతన్ని పంపించేశారు. ఆ తర్వాత అక్కడ కూర్చున్నది మా వదిన. మామూలుగా దెయ్యాలే మా వదినకి... సరే, ఆవిడ చెప్పినట్టే చెబుతాను.

ఆ సీట్లో ఒక లాప్‌టాప్. దానికి తగిలించి, మందు సీసాల్లో చుక్కలు కొలిచి పోసే యంత్రం. చుక్క ఒక్క క్షణం ఆలస్యమైతే సీసా పారబోయాల్సిందే. అందుకని లాప్‌టాప్‌లో రియల్‌టైమ్ కెర్నల్ వేశారు. కెర్నల్ అంటే, ఏ పని ముందో ఏది వెనకో తేల్చే లోపలి పెద్దమనిషి. ఈ రకం పెద్దమనిషికి మొహమాటం లేదు — "నాది అందరికంటే అర్జెంటు" అన్నవాడి పనే మొదట, మిగతావాళ్లు ఏమైపోయినా సరే.

తెల్లారేసరికి యంత్రం సీసాలన్నీ నింపితే వదిన ఉద్యోగం ఖాయం. లేదా, ఇక ఇంటికే.

మేనేజరు లైట్లు ఆర్పించి వెళ్లిపోయాడు. వదిన ఒక్కతే మిగిలింది.

చుక్క... చుక్క... చుక్క...

ఉన్నట్టుండి చెవి పక్కన, గుసగుసగా —

"అయిందా...?"

వదిన గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. లాప్‌టాప్ ఫ్యాను రొప్పడం మొదలెట్టింది. తెర మీద బాణం బిగుసుకుపోయింది. యంత్రం కొసన వేలాడుతున్న చుక్క అలాగే ఉండిపోయింది.

వెంటనే మా అన్నయ్యకి ఫోను చేసింది.

"ఏమండీ... ఇక్కడెవరో 'అయిందా' అంటున్నారు..."

"నేనైతే కాదు. నేను గిన్నెలు తోమడమే ఇంకా అవలేదు," అని పెట్టేశాడు.

ఉద్యోగం పోతుందన్న భయం ముందు దెయ్యం భయం నిలవలేదు. వదిన లాప్‌టాప్ ఆపి మళ్లీ మొదలెట్టి, అసలు తన పనికంటే ముందు వరసలో ఎవరు నిలబడ్డారో చూసింది.

ఉంది... ఒక బుల్లి ప్రోగ్రాం! మేనేజరు పెట్టించింది. ఆయన ఇంటికెళ్లగానే నిద్ర లేస్తుంది. ఆయన గొంతుతోనే "అయిందా?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ఇంకెవర్నీ కదలనివ్వదు. ఎందుకంటే దానిదే అందరికంటే అర్జెంటు. అడగడానికే లాప్‌టాప్ ఊపిరంతా సరిపోతుంటే, ఇక పని ఎక్కడవుతుంది?

వదిన దాన్ని పీకి పారేసింది. ఆగిపోయిన ఆ ఒక్క సీసా పారబోసింది. ఆ తర్వాత తెల్లారేదాకా ఒక్క చుక్క తప్పలేదు, సీసాలన్నీ నిండాయి.

పొద్దున మేనేజరు అంతా విన్నాడు.

"అంటే... రాత్రంతా... ఎవరూ అడక్కుండానే అయిందా?"

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదట.

ఉద్యోగం ఖాయమైంది. కొన్నాళ్లకి వదిన కింద నలుగురు మనుషుల్ని కూడా ఇచ్చారు. ఇదంతా నిన్న చెబుతూ, ఆ మేనేజర్ని తలుచుకుని పడీపడీ నవ్వింది. పక్కనే వదిన కూతురు లెక్కలు చేసుకుంటోంది.

నవ్వుతూ నవ్వుతూ వదిన ఆగింది. మెల్లిగా పిల్ల వైపు వంగింది... చెవి దగ్గర నోరు పెట్టింది...

"అయిందా...?"

పిల్ల చేతిలో పెన్సిలు బిగుసుకుపోయింది.