గోడ మీద ఖాళీ మేకు

పిస్కాటవేలో ఇండియన్ కిరాణా కొట్టు మేడ మీద ఉన్న ఆ చిన్న ఆఫీసు తలుపును ఎవరో దబదబా బాదారు. అసిస్టెంటు రేణు తీసి చూస్తే ఎదురుగా నళిని, ఒక కాలికి చెప్పు, రెండో కాలికి బూటు.

"దామోదర్ గారూ, నా ఫోటో పోయింది! మధ్యాహ్నమే ఓపెనింగ్!"

ప్రైవేట్ డిటెక్టివ్ దామోదర్ కాఫీ కప్పు దించాడు. "కూర్చుని చెప్పమ్మా."

అది 1984. లైబ్రరీ హాల్లో నళిని ఒక్కతే పెడుతున్న మొదటి ఎగ్జిబిషన్. చూపూ, జ్ఞాపకమూ దాని విషయం. మొదటి గదిలో పెద్ద ఫోటో ఒకటి: ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలిసిన పద్మిని ఆంటీ చేగోడీల పిండి కలుపుతూ, జుట్టు చెదిరి, పగలబడి నవ్వుతూ ఉంటుంది. అది చూసి రెండో గదిలోకి వెళితే, అదే ఫోటోను గుర్తు తెచ్చుకుని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పే వీడియో. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ళ కోసం ఫోటోలన్నీ కిందకి తగిలించింది. చెవులు వినపడని వాళ్ళకి టీవీలో మాటలు తెర కింద అక్షరాల్లో పడేలా చేయించింది. చూపు లేనివాళ్ళు తడిమి చూసేందుకు ప్రతి ఫోటో పక్కనా ఉబ్బెత్తు బొమ్మ పెట్టింది.

"ఆ ఫోటో లేకపోతే వీడియోలో వాళ్ళు దేని గురించి చెబుతున్నారో ఎవరికీ అర్థం కాదు. మళ్ళీ ప్రింట్ వేయించే టైం లేదు. బ్లైండ్ స్కూల్ పిల్లలు బస్సులో వస్తున్నారండీ!"

కారు డ్రైవ్ చేస్తూ రేణు తన తీర్పు చెప్పేసింది. "పద్మిని ఆంటీయే తీసుంటారు అంకుల్. జుట్టు దువ్వుకోని ఫోటో పెట్టిందని పార్టీలో అందరి ముందూ నళినిగారిని తిట్టారుగా."

"కేసులో ఉన్నప్పుడు అంకుల్ అనొద్దన్నానా?"

"సారీ అంకుల్."

హాల్లో గోడ మీద మేకు ఖాళీగా ఉంది. పక్కన ఉబ్బెత్తు బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. రేణు వంగి, నేల మీంచి ఒక తెల్ల పూరేకు తీసింది. దామోదర్ ఇంకాస్త వెతికి చిన్న గాజుపెంకు ఏరాడు.

లైబ్రేరియన్ మార్గరెట్ కళ్ళు ఒత్తుకుంటోంది. "నళినీ, మీ ఇంట్లో తాతగారి ఫోటోకి పూలదండ చూశాను. గౌరవమనుకున్నాను. పొద్దున్నే కార్నేషన్లు గుచ్చి ఈ ఫోటోకి వేసి, వెనక తీగతో కట్టాను. నిన్ను సర్‌ప్రైజ్ చేద్దామని. కాఫీ పెట్టుకుని వచ్చేసరికి ఫోటో లేదు, దండా లేదు."

"అయ్యో మార్గరెట్! పోయినవాళ్ళకి వేస్తాం అలాంటి దండ!"

మార్గరెట్ మొహం పాలిపోయింది. దామోదర్ మాత్రం నవ్వాడు. "దండ మాట మన నలుగురిలోనే ఉండనివ్వండి. మిగతావాళ్ళని పిలవమ్మా."

ఫోటోలు తగిలించిన రామమోహన్, అంటే నళిని భర్త, వచ్చాడు. అతని వెనకే కొత్త చీర గరగరలాడిస్తూ పద్మిని. కుర్చీలు తెచ్చిన ఆమె భర్త ఆదిశేషు కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని చివర నిలబడ్డాడు. ఆయన ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా రిటైరయ్యాడు. శకునాలనీ దిష్టినీ తెలుగు అసోసియేషన్ సభల్లో చీల్చి చెండాడతాడు.

"నన్నే కదూ అనుమానిస్తున్నారు?" అంది పద్మిని. "తియ్యాలనుకుంటే అప్పుడే చింపేసేదాన్ని. ఇవాళ నన్ను నేను చూసుకోడానికే ఈ చీర కట్టుకొచ్చాను!"

"నేను కుర్చీలు వాకిట్లో దించి కార్లోనే కూర్చున్నాను," అన్నాడు ఆదిశేషు. "ఆ ఫోటో వాళ్ళింట్లో చూసిందే, మళ్ళీ చూడలేదు."

దామోదర్ తలూపాడు. "నళిని వీడియోలో అడిగిందే నేనూ అడుగుతాను. కళ్ళు మూసుకుని ఆ ఫోటోలో ఏముందో చెప్పండి."

"ఎర్ర చీర," అన్నాడు రామమోహన్ ధీమాగా.

"అది బ్లాక్ అండ్ వైట్ ఫోటోనండీ! మీరేగా తగిలించారు?" అంది నళిని. అంతటి కంగారులోనూ అందరూ ఫక్కున నవ్వారు.

"మీరు చెప్పండి ప్రొఫెసర్ గారూ."

ఆదిశేషు కళ్ళు మూసుకున్నాడు. "జుట్టు చెదిరి ఉంటుంది. మోచేతులదాకా పిండి. నవ్వుతూ ఉంటుంది. మెడ చుట్టూ ఆ తెల్లపూలు..." చప్పున కళ్ళు తెరిచాడు.

"ఫోటోలో పూలు లేవండీ," అన్నాడు దామోదర్ మెల్లగా. "ఆ దండ ఇవాళ పొద్దున వేసింది. వేసిన మార్గరెట్ కాక, దాన్ని చూసింది తీసినవాళ్ళొక్కరే. దొంగకి దండతో పనేమిటి? బతికున్న మనిషి ఫోటోకి ఆ దండ చూసి తట్టుకోలేని వాళ్ళకే దానితో పని. తీగ విప్పబోతే ఫోటో జారి అద్దం పగిలింది. ఇక ఆ చెయ్యి జేబులోంచి తీయచ్చు."

ఆదిశేషు చెయ్యి తీశాడు. వేలికి రుమాలు చుట్టి ఉంది.

"దండ. దానికి తోడు పగిలిన అద్దం. అలా వదిలేసి ఎలా రాను? కార్ ట్రంక్‌లో కోటు చుట్టి పెట్టాను. కొత్త అద్దం వేయించి తెద్దామనుకున్నాను. ఇంతలో మీరంతా వచ్చేశారు. ఎందుకు తీశానని అడిగితే నేనేం చెప్పుకోను?" మొహం కందిపోయింది.

రేణు అప్పటికే తాళాలు పుచ్చుకుని పరుగెత్తింది.

అద్దం లేకుండానే ఫోటో మళ్ళీ మేకెక్కింది. "ఇదే బాగుంది, మెరుపు కొట్టట్లేదు," అంది నళిని, కళ్ళు తుడుచుకుంటూ. బయట బస్సు ఆగింది. పిల్లలు వరసగా వచ్చి ఉబ్బెత్తు బొమ్మలో పద్మిని నవ్వును వేళ్ళతో తడిమి, తామూ నవ్వసాగారు.

ఆదిశేషు సాయంత్రందాకా ఆ ఫోటో పక్కనుంచి కదల్లేదు. ఎవరి చేతిలో పూలు కనిపించినా అడ్డం వెళ్ళి నిలబడుతున్నాడు.

పద్మిని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆయన పక్కకి చేరింది. "ఏమండీ, రేపు అసోసియేషన్లో మూఢనమ్మకాల మీద మీ ఉపన్యాసం కదూ?"

"గొంతు బాలేదని ఫోన్ చెయ్యవే," అన్నాడాయన.