ముప్పై ఒకటో తారీఖు ఎవరిది?

పొద్దున ఆరున్నరకల్లా లెక్కల టీచరు ఇరవై శాండ్‌విచ్‌లు చుట్టేసి, ఆరు సీసాల్లో నీళ్లు నింపేసి, ఇంకా లేవని మొగుడి మీద కేకలు కూడా మొదలుపెట్టేసింది. ఆవిడ పద్ధతే అంత. ఇరవై ఏళ్లుగా స్కూల్లో నలభై మంది టీచర్లకు టైంటేబుల్ వేసేది తనే. ఒక్క పీరియడ్ ఖాళీ పోకూడదు, ఒక్క మాస్టారు ఒకేసారి రెండు క్లాసుల్లో పడకూడదు. ఇంట్లోనూ అదే వరస.

నాన్న పోయాక అమ్మకూ అలాగే ఒక టైంటేబుల్ వేసింది. ఒకటి నుంచి పదిహేను దాకా తన దగ్గర, పదహారు నుంచి ముప్పై దాకా కళ్లద్దాల షాపు నడిపే తమ్ముడి దగ్గర. సరిసమానం, ఎవరూ నోరెత్తడానికి లేదు. మరి ముప్పై ఒకటో తారీఖు? దాని మీద మాత్రం ఫోన్లో చిన్న యుద్ధమే నడిచింది.

"ఒక్క రోజు ఎక్కువుంటే నీ సొమ్మేం పోయిందిరా? ఫిబ్రవరిలో నీకు రెండ్రోజులు కలిసొస్తున్నాయిగా!"

"కలిసిరావడమేంటక్కా, అమ్మేమన్నా సెలవా?"

చివరికి టీచరే తీర్పు చెప్పింది. ఆ రోజు ఎవరిదీ కాదు. రెండు కుటుంబాలూ కలిసి అమ్మను ఎక్కడికైనా తీసుకెళ్లాలి. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అన్నారా? ఆ ముక్క అప్పుడు ఆవిడకు గుర్తు రాలేదు.

ఈసారి ముప్పై ఒకటి ఆదివారం పడింది. నగరం దాటి ముప్పావు గంట వెళితే చాలు, ఆకాశం కనిపించనంత చిక్కటి వానల అడవి, అందులో జలపాతం. అమ్మ తమ్ముడి కారులో వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుని, పిల్లల్లో పిల్లలా కిటికీ పక్కన కూర్చుని.

టికెట్ గది దాటగానే మెట్లు మొదలయ్యాయి. పాచి పట్టి, తడితడిగా, నూట ఎనభై మెట్లు. "నీ మోకాళ్లకు ఇవి కుదరవమ్మా. ఇక్కడే బెంచీ మీద సామాన్లు చూస్తుండు, ఇట్టే వచ్చేస్తాం" అంది టీచరు. అమ్మ తలూపింది. వాళ్లు ఇట్టే రావడానికి రెండున్నర గంటలు పట్టింది. కేరింతలు కొట్టారు, నీళ్లలో నానారు, ఫోటోలు తీసుకున్నారు. దిగొచ్చి ఆవురావురుమంటూ తిన్నారు.

నాలుగున్నరకు టీచరు కూతురి కాలికి పట్టిన జలగను ఉప్పేసి వదిలిస్తోంది. చెవికి ఫోను, అవతల హెడ్‌మాస్టరు. అప్పుడే అమ్మ వచ్చి ఏదో అంది. టీచరు "ఊఁ, ఊఁ" అంది. పది నిమిషాలకి కుండపోతగా వాన దంచింది. బ్యాగులు చంకన పెట్టి ఎవరికి వాళ్లు కార్లలోకి దూకారు. అద్దాలకు ఆవిరి పట్టింది. రెండు కార్లూ కదిలాయి.

సగం దూరం వచ్చాక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ ఫోను మా సీట్లో ఉండిపోయింది. రేపిస్తానని అమ్మతో చెప్పు."

"నేను చెప్పడమేంట్రా? అమ్మ నీ బండిలోనేగా ఉంది!"

తమ్ముడు సన్నగా, "లేదక్కా" అన్నాడు.

టీచరు భర్త బండి వెనక్కి తిప్పాడు.

"ముప్పై ఒకటి అయిపోయిందిగా! ఇక నీ దగ్గరికే అనుకున్నా" అంటున్నాడు తమ్ముడు.

"ఒకటో తారీఖు రేపు పొద్దున కదరా మొదలయ్యేది! తెచ్చినవాడివి తీసుకెళ్లొద్దూ?"

వెనక సీట్లోంచి కూతురు మెల్లగా అంది. "అమ్మా, అమ్మమ్మ నీతో చెప్పింది. ఒక్కసారి పైకెళ్లి నీళ్లు చూసొస్తానంది. నువ్వు ఊఁ అన్నావు."

"మరి నువ్వెందుకు గుర్తు చెయ్యలేదే?"

"కార్లు వేరుగా. మామయ్య వాళ్లతో ఉందనుకున్నా."

పన్నెండేళ్ల పిల్లను తిట్టడానికి టీచరుకు నోరు రాలేదు. ఆ మెట్ల మీద అమ్మ కాలు జారిందేమో, ఎక్కడ పడిపోయిందో అనే భయం పట్టుకుంది. ఆ భయం కింద సిగ్గు. నలభై మంది మాస్టర్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగే మనిషి, ఇద్దరే ఉన్న అమ్మానాన్నల్లో మిగిలిన ఒక్కదాన్ని లెక్కపెట్టడం మరిచిపోయింది.

వాళ్లు చేరేసరికి ఐదున్నర దాటింది. గేటు మూసేశారు. టికెట్ గదిలో మాత్రం దీపం వెలుగుతోంది. అమ్మ లోపల స్టూలు మీద కూర్చుని ఉంది, భుజాల మీద ఎవరిదో తువ్వాలు, చీర మోకాళ్ల దాకా బురద. క్షేమంగానే ఉంది. టీచరుకు ప్రాణం లేచొచ్చింది.

టికెట్లమ్మే ఆవిడ ఎదురొచ్చి నవ్వింది. "వచ్చారా! మీ అమ్మగారు అంతా చెప్పారులెండి. అమ్మ మా ఇంటికంటే మా ఇంటికని మీరిద్దరూ కొట్టుకుంటుంటే, కాసేపు మీ కంటపడకుండా తనే తప్పించుకున్నారటగా! అదృష్టవంతురాలండీ. ఈ రోజుల్లో అలా పోట్లాడుకునే పిల్లలు ఎవరికుంటారు?"

తమ్ముడు తల దించేసుకున్నాడు. టీచరుకు భూమి చీలితే బాగుండుననిపించింది. తిట్టినా భరించేది. ఈ పొగడ్త కొరడాతో కొట్టినట్టుంది. అమ్మ కళ్లతోనే 'ఊరుకో' అని సైగ చేసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. దండం పెట్టి వెళ్లిపోవచ్చు.

"లేదండీ" అంది టీచరు. "మేం కొట్టుకున్నది తీసుకెళ్లడానికి కాదు. మా అమ్మను... మేం మర్చిపోయాం."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. టికెట్ల కట్ట సర్దుకుంది.

"ఆవిడ ముందు పరువు తీసుకోవడం ఎందుకే?" బయటికి రాగానే అమ్మ కోప్పడింది. "మీ గురించి ఎవరైనా ఓ మాటంటే పడేది నేనేగా. అయినా తప్పు నాదే. నీళ్లు చూస్తూ ఒళ్లు మరిచిపోయా. మీకు ఆలస్యమవుతుందని పరిగెత్తుకుంటూ దిగాను కూడా. అప్పటికే బళ్లు లేవు."

"పరిగెత్తావా? ఆ మెట్ల మీదా?" తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

చినుకులు మళ్లీ మొదలయ్యాయి. రెండు కార్లకూ తలుపులు తీసే ఉన్నాయి. అమ్మ మధ్యలో ఆగి ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. నిష్ఠూరం లేదు, దెప్పడం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"నేను ఏ బండి ఎక్కాలే?"

టీచరు అమ్మ చేయి పట్టుకుని దాంట్లో మొహం దాచుకుంది. ఎక్కిళ్లు తగ్గాక అంది. "నీకు ఏది ఎక్కాలనుందమ్మా? ఎవరి దగ్గర ఉండాలనుంది? ఇన్నాళ్లూ నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

అమ్మ తికమకపడింది. కూతురి తల నిమిరింది.

"అడిగితే చెప్పే అలవాటు తప్పిపోయిందే. కాస్త ఆలోచించుకోనీ."

వాన పెద్దదైంది. అక్కా తమ్ముడూ అమ్మకు చెరోపక్క నిలబడి తడుస్తున్నారు. త్వరగా చెప్పమని ఎవరూ అనలేదు.