పనులన్నీ అయిపోతే

ఆ రోజు పొద్దున్న వంటింటి కుళాయి కారడం మానేసింది.

ఇందులో భయపడడానికి ఏముంది అంటారేమో. పదకొండేళ్ళుగా ఆ కుళాయి కారుతూనే ఉంది. కింద పెట్టిన గిన్నె అంచుదాకా నిండిందంటే ఐదున్నర అయినట్టు. ఇల్లాలు గడియారం వంక చూసి ఎరగదు. అలాంటిది ఆ వేళ కళ్ళు నులుముకుంటూ వచ్చి చూస్తే గిన్నె పొడిగా ఉంది. పక్కనే మొగుడుగారు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

"వాషరు మార్చాను. ఇక చుక్క పడదు," అన్నాడు.

"ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టింది, సంతోషం," అంది ఆవిడ. నవ్వబోయింది గాని గుండెల్లో రాయి పడింది.

ఆయన కరెంటు పని చేస్తాడు. వీధిలో అందరూ కరెంటాయన అనే అంటారు. ఎవరింట్లో ఫ్యాను ఆగినా, ఎవరి దుకాణంలో దీపం వెలగకపోయినా అన్నం ముందునుంచి లేచి మరీ వెళ్ళే మనిషి. సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే మాట, "రేపు చూద్దాంలే." కూతురు చిన్నప్పుడు బడిలో మీ నాన్నేం చేస్తారని అడిగితే "రేపు చేస్తారు" అని చెప్పొచ్చింది. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఇల్లాలు అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇల్లు అద్దంలా ఉండాలి. బాగుకాని వస్తువులను కూడా పొందికగా సర్దిపెట్టేది. అల్మారా తలుపు నిలవకపోతే రిబ్బను కట్టింది, ఆ ముడి కూడా చూడముచ్చటగా ఉండేది. బల్ల కుంటితే కాలి కింద అట్టముక్క నాలుగు మడతలు పెట్టింది. మేడమెట్ల కమ్మీ ఊగుతోందని దాని పక్కనే వరసగా పూలకుండీలు పెట్టి, ఎవరూ దాన్ని పట్టుకోకుండా చేసింది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించింది. మొత్తం ఇరవైమూడు పనులు. మొదట రాసిన అక్షరాలు వెలిసిపోతే వాటి మీదే మళ్ళీ దిద్దింది.

వారం రోజులుగా ఆ కాగితం మీద టిక్కులు పడుతున్నాయి. ఆయనకు ఏం పుట్టిందో ఏమో, పొద్దున్న ఒక పని, సాయంత్రం ఒక పని. మొదటి రెండు రోజులూ ఆవిడకు కాలు నేల మీద నిలవలేదు. గోడ మీదుగా పక్కింటావిడను పిలిచి మరీ చెప్పింది. పక్కింటావిడ అంతా విని, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మా పెద్దబావగారూ ఇంతేనమ్మా. ఒకరోజు ఉన్నట్టుండి ఇంటి మీద పడ్డారు. తలుపులు, గడియలు, తాళాలు, అన్నీ బాగుచేసేశారు. ఏ కాగితం ఎక్కడుందో మా అక్కకి చూపించారు. ఆ మర్నాడు మధ్యాహ్నం పడుకున్న మనిషి లేవలేదు. పోయేవాళ్ళకి ముందే తెలుస్తుందంటారు," అంది. ఆ తర్వాత ఆవిడ ముఖం చూసి, "మీ ఆయనకేంలెండి, గుండ్రాయిలా ఉన్నాడు," అని సర్దేసింది.

పాము పుట్టలో చెయ్యి పెట్టించి, కరవదులే అన్నట్టుంది ఆ ఓదార్పు. మరునాడు బట్టలు ఉతుకుతుంటే ఆయన చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది. పెద్దాసుపత్రి టోకెను. నరాల డాక్టరు పేరు, పై వారం గురువారం తేదీ ఉన్నాయి. ఆవిడ చేతులు సబ్బునురగలోనే ఆగిపోయాయి.

అడిగితే సరిపోయేది. అన్నం పెడుతూ మూడుసార్లు నోటిదాకా తెచ్చుకుంది. అడిగితే ఆయన "అవును" అంటాడేమోనని భయం. అననంతవరకు జబ్బు లేనట్టే కదా అని ఒక వెర్రి ఆశ.

కుళాయి ఆగిన రోజు మధ్యాహ్నం, ఆయన సంచీ భుజాన వేసుకుని పనికి వెళ్ళాక, ఆవిడ అల్మారా తెరిచి టిక్కులు చూసింది. పదిహేను. ఇంకా ఎనిమిదే మిగిలాయి. రోజుకు రెండు లెక్కన నాలుగు రోజులు. ఆ నాలుగో రోజు సాయంత్రం ఏమవుతుందో తలుచుకోగానే వంటింటి గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. మెట్ల కింద పాత పనిముట్ల డబ్బాలోంచి పానా తీసుకువచ్చి, కుళాయి మెడ దగ్గరి నట్టును కొంచెం వదులు చేసింది.

చుక్క పడింది. మళ్ళీ ఇంకో చుక్క. ఆ చప్పుడు విన్నాక ఆవిడకు ఊపిరి ఆడింది. పని మిగిలి ఉంది, అంటే ఆయన కూడా ఉంటాడు. చదువుకున్న మనిషి చేసే పని కాదని ఆవిడకూ తెలుసు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చేసే పని అది.

సాయంత్రం ఆయన వచ్చి కుళాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "బిగించానే..." అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత అల్మారా తెరిచి, ఆ టిక్కు మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆవిడ ఆ గీత చూసి లోలోపల దణ్ణం పెట్టుకుంది. ఆయన ముఖం వైపు చూడలేదు.

ఆ తర్వాత అదే వరస. ఆయన పొద్దున్న బిగిస్తే ఆవిడ మధ్యాహ్నం విప్పేది. అల్మారా మడతబందు, మేడ మీద బట్టలతాడు కొక్కెం, చివరికి మెట్ల కమ్మీ. కమ్మీ బిగించాక ఆయన పూలకుండీలు తీసి కింద వాకిట్లో పెట్టాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, తనెలాగూ కమ్మీ పట్టుకోదు, ఆయన గబగబా ఎక్కేస్తాడు అనుకుని ఆవిడ రెండు బోల్టులూ సగానికి వదులు చేసింది.

కాని ఆయన రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. ముద్ద దిగడం లేదు. పనికి రమ్మని ఫోను వస్తే, "నాకు కుదరదు, ఇంకెవరినైనా పిలుచుకోండి," అని పెట్టేస్తున్నాడు. సంచీ తలుపు పక్కనే రెండు రోజులుగా కదలకుండా ఉంది. ఆవిడకు భయం రెట్టింపయింది. మనిషిలో సత్తువ అయిపోతోంది, కాగితం మీద పనులు మిగిల్చినా ఆయన మిగిలేటట్టు లేడు అని కుమిలిపోయింది.

ఆదివారం పొద్దున్న కూతురు వచ్చింది. ఊరికి ఆ కొసన ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది. వచ్చిందే తడవుగా తడిబట్టల బుట్ట ఎత్తుకుని మేడ మీదికి బయలుదేరింది.

"నేను ఆరేస్తాలే, నువ్వు కూర్చో!" అంది తల్లి వంటింట్లోంచి.

"కూర్చుని కూర్చునే లావైపోతున్నానమ్మా," అని మెట్ల మీంచి జవాబు వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, కమ్మీ సంగతి. చేతిలో గరిట అలాగే పట్టుకుని పరిగెత్తింది. గుమ్మం దాటేలోపే ఇనుము రాతికి తగిలిన చప్పుడు, బుట్ట దొర్లిన చప్పుడు, "అమ్మా!" అన్న కేక వినిపించాయి.

కూతురు నాలుగు మెట్లు కిందికి జారి కూర్చుని ఉంది. మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు చిమ్ముతోంది. కమ్మీ ఒక కొస గోడ నుంచి ఊడి వేలాడుతోంది. ఇంకో రెండు మెట్లు పైన జరిగి ఉంటే తల నేరుగా కింద గచ్చుకు తగిలేది. ఆ సంగతి, లోపల్నుంచి పరిగెత్తుకొచ్చిన తండ్రితో సహా ముగ్గురికీ తెలుస్తోంది.

తండ్రి తడిగుడ్డ తెచ్చి మోచేతికి అద్దుతుంటే కూతురికి నొప్పితోపాటు కోపం కూడా వచ్చింది. "మొన్నేగా నాన్నా బిగించావు? ఫోన్లో గొప్పగా చెప్పావుగా! చూసుకోవద్దా?"

ఆయన మెట్ల మీద పడిన రెండు బోల్టులూ ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. బోల్టులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి.

"వెళ్ళేటప్పుడు ఆ సంచీ తీసుకుపోమ్మా. మీ బడిలో కరెంటు పని చేసే అతనికి ఇచ్చెయ్," అన్నాడు. "అందులో సామాను మంచిదే. నా చేతులే పోయాయి. ఇవాళ నువ్వు కాబట్టి మోచేతితో పోయింది. ఎవరింట్లోనో నేను బిగించిన ఫ్యాను ఊడి కింద పడుకున్న పిల్లల మీద పడితే?"

ఆయనకు ప్రాణం పోస్తున్నాననుకుంటూ ఇన్ని రోజులూ తను చేసిందేమిటో అప్పుడు ఇల్లాలికి తెలిసింది.

"ఆయన్నేం అనకు," అంది కూతురితో. "ఆ బోల్టులు వదులు చేసింది నేను."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. "అమ్మా, నీకేమైనా మతిపోయిందా?" అంది కూతురు.

"పోయింది. నిజంగానే పోయింది." ఆవిడ గరిట మెట్టు మీద పెట్టేసి ఆయన ఎదుట కూలబడింది. "మీ జేబులో టోకెను చూశాను. మీరేమో ఉన్నట్టుండి ఇల్లంతా బాగుచేయడం మొదలుపెట్టారు. పనులన్నీ అయిపోతే మీరూ వెళ్ళిపోతారనుకున్నాను. అందుకని మీరు చేసినవి చేసినట్టు విప్పేశాను. పిల్లని చంపేసేదాన్ని!"

"కుళాయి?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"నేనే."

"అల్మారా? కొక్కెం?"

ఆవిడ తల ఊపింది. ఆయన నోట్లోంచి నవ్వులాంటిది ఏదో వచ్చి, సగంలోనే ఏడుపైపోయింది. బోల్టులున్న పిడికిలిని నుదుటికి ఆనించుకుని పెద్దగా ఏడ్చాడు. ఆయన అలా ఏడవగా భార్య ఒక్కసారే చూసింది, వాళ్ళమ్మ పోయినప్పుడు.

"నెల కిందట ఒక దుకాణంలో పైకప్పుకి దీపం బిగిస్తుంటే రెండుసార్లు స్క్రూ వేళ్ళలోంచి జారిపోయిందే," అన్నాడు తేరుకున్నాక. "చెయ్యి నా మాట వినలేదు. డాక్టరు ఏవో పరీక్షలు రాశాడు, గురువారం వచ్చి చూపించమన్నాడు. ఈలోపు నాకు నేనే పరీక్ష పెట్టుకుందామనుకున్నా. బయట చేస్తే ఎవరికైనా ప్రమాదం. మనింట్లో అయితే పరవాలేదు కదా అని మొదలుపెట్టాను. పొద్దున్న బిగించింది సాయంత్రానికి ఊడిపోతుంటే... ఇంకేముంది, అయిపోయాననుకున్నా."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"నువ్వు ఒక్కమాట అడగొచ్చుగా!"

"దొందూ దొందే," అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ. "మీ ఇద్దరి మధ్య నా మోచెయ్యి పోయింది."

ఆయన ముఖంలోకి కాస్త నెత్తురు వచ్చింది. చేతివేళ్ళు చాపి, ముడిచి చూసుకున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆశగా భార్య వైపు తిరిగాడు. "అయితే ముందుగదిలో కిటికీ గడియ కూడా నువ్వేనన్నమాట. మొన్న బిగించానా, నిన్న చూస్తే అదీ వదులుగా ఉంది."

ఆవిడ నోరు తెరిచింది. ఆ గడియను ఆవిడ ముట్టుకోలేదు.

"నేనే" అంటే చాలు. ఆయన ఈ పూట కడుపునిండా తింటాడు, సంచీ భుజాన వేసుకుంటాడు, ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంటుంది. ఆ ఒక్క మాటకోసం ఆయన కళ్ళు ఎదురుచూస్తున్నాయి. కాని మెట్ల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న తడిబట్టలు, కూతురి మోచేతి మీద ఎర్రబడుతున్న గుడ్డ కూడా ఆవిడకు కనిపిస్తున్నాయి.

"అది నేను కాదండీ," అంది.

కూతురు తండ్రి భుజం మీద తల ఆనించింది. "గురువారం సెలవు పెడతాను. ముగ్గురం వెళ్దాం," అంది.

ఆయన తల ఊపి లేచాడు. సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని ముందుగదిలోకి నడిచాడు. ఆవిడ వెనకే వెళ్ళింది. గడియకున్న స్క్రూను ఆయన వీలైనంత బిగించి పక్కకు తప్పుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు తిప్పి చూడు. విప్పడంలో చెయ్యి తిరిగినదానివేగా."

ఆవిడకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. స్క్రూడ్రైవరు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎడమకు తిప్పింది. స్క్రూ కదిలింది. కొంచెమే, గోరంత.

"కదిలిందండీ. ఇంకా కొంచెం బిగించాలి."

ఆయన ఈసారి రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళు వణికాయి, దాచుకోలేదు. పెదవి కొరుక్కుంటూ పావు చుట్టు తిప్పి, మళ్ళీ ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ మణికట్టు నొప్పెట్టేదాకా తిప్పింది.

"లేదు. కదల్లేదు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఇందాక కదిలిందని చెప్పిన మనిషి కాబట్టి, ఆయన నమ్మాడు.