మహతి ఇవ్వనన్న చుక్కలు

"ఇవ్వను," అంది కౌంటర్ వెనక నుంచి ఫార్మసిస్టు మహతి.

"ఎందుకివ్వరండీ? చెవి చుక్కలే కదా అడిగింది!"

అరిచాడు నవనీత్. అరిచానని అతనికి తెలియదు పాపం. చెవుల్లో గులిమి బిగుసుకుపోయి, తన గొంతే తనకి బావిలోంచి వస్తున్నట్టుంది. సింగపూర్‌లో, బుకిట్ బటోక్‌లోని ఆ చిన్న ఫార్మసీలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు.

జురాంగ్ ఐలాండ్‌లోని ప్లాంటులో, హోరుమనే కంప్రెసర్ల దగ్గర ఉద్యోగం అతనిది. రోజంతా చెవుల్లో ప్లగ్గులు. అవి గులిమిని లోపలికి నెట్టేశాయి. నెలాఖరున కంపెనీ హియరింగ్ టెస్ట్ ఉంది. అది పోతే ప్లాంటులోంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతారు. మెషీన్లంటే ప్రాణం పెట్టేవాడికి అంతకంటే శిక్ష లేదు.

"చెవిలో ఏం పోశారు? వెల్లుల్లి వాసన!" అంది మహతి.

"అమ్మ వీడియో కాల్‌లో చెప్పింది. వెల్లుల్లి కాచిన నూనె."

"తర్వాత?"

"ఇయర్ బడ్‌తో కొంచెం తిప్పాను. కొంచెం నొప్పి."

"నొప్పి ఉంటే చుక్కలు వెయ్యకూడదు. కర్ణభేరికి చిల్లు పడిందేమో ఎవరు చూశారు? ముందు క్లినిక్‌కి వెళ్లండి. లేకపోతే కుదరదు లా!"

సింగపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా' పడిందంటే ఇక మాట తిరగదు.

నవనీత్ విసవిసా క్లినిక్‌కి వెళ్లాడు. చిల్లు లేదు, చర్మం గీసుకుపోయిందంతే, మానాక చుక్కలు వేసుకోవచ్చన్నాడు డాక్టరు. మానాక మళ్లీ వచ్చి నిలబడ్డాడు, మొహం ముడుచుకునే.

ఈసారి ఇచ్చింది మహతి. "సీసా చేతిలో పట్టుకుని గోరువెచ్చగా చెయ్యండి. పక్కకి పడుకుని, లేబుల్ మీద రాసినన్ని చుక్కలే. కాసేపు కదలకండి. బుసబుసమంటే భయపడకండి. నొప్పి పుట్టినా, తల తిరిగినా ఆపెయ్యండి. లోపల ఏదీ పెట్టి గెలకొద్దు."

మర్నాడే ఊడిపడ్డాడు. "ఇంకా తక్కువ వినిపిస్తోంది! ఇదేనా మీ వైద్యం?"

"నొప్పి ఉందా? తల తిరుగుతోందా?"

"లేదు."

"మరైతే గులిమి మెత్తబడి ఉబ్బింది. మొదట్లో అలాగే ఉంటుంది. లేబుల్ మీద చెప్పినన్నాళ్లు వాడండి. అప్పటికీ పోకపోతే డాక్టరు తీస్తారు. ఆ చేతిలోదేంటి?"

ఇయర్ బడ్స్ పాకెట్టు. మారు మాట్లాడకుండా లాక్కుంది. ఆ విసురుకి అతనికి కోపం రావాలి. రాలేదు, నచ్చింది.

సరిగ్గా అప్పుడే అతని ఫోన్లో వాళ్లమ్మ సత్యవాణి ప్రత్యక్షమైంది. "ఒరేయ్, ఈసారి నూనె ఇంకాస్త వేడిగా పొయ్యరా!"

మహతి ఫోనందుకుంది. "ఆంటీ, పొయ్యమనకండి. చెవి కాలిపోతుంది. టెస్ట్ పోతుంది. నేను పొయ్యనివ్వను."

ఇంతవరకూ ఆవిడ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. "సరేనమ్మా. వీణ్ణి కాస్త చూస్తూ ఉండు," అంది, అయినా మెత్తబడి.

ఆ చూడటమన్నది మహతి బాధ్యతగానే తీసుకుంది. రోజూ అతను పని నుంచి వస్తుంటే షాపు ముందు ఆపి అడిగేది. కొన్నాళ్లకి చెవి గురించి ఒక్క మాట, మిగతావన్నీ వేరే మాటలు. చుక్కలకి సగం కరిగింది, మిగిలింది క్లినిక్‌లో డాక్టరు తీశాడు.

టెస్ట్ రోజు సాయంత్రం జోరువాన. తడిసి ముద్దయి షాపు మెట్లెక్కాడు నవనీత్.

"పాస్!"

మహతికి కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. "ఆంటీ ఏమన్నారు?"

"అమ్మకింకా చెప్పలేదు. ముందు నీకే చెప్పాలనిపించింది. ఈ టెస్టనే కాదు మహతీ, ఇకపై ఏదైనా ముందు నీకే చెప్పాలనుంది. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

మహతి వానకేసి చూసింది, అతనికేసి చూసింది. తర్వాత అతని జేబులోంచి ఫోన్ తనే తీసింది.

"పద, ఆంటీకి ఇద్దరం కలిసి చెబుదాం."