నల్లాను పిలిచే పిల్ల

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వైపు పోయే గల్లీల్లో ఒకదాంట్లో తాళం వేసిన పాత ఇల్లు ఒకటుండేది. పగలు దాని ముందు అందరూ స్కూటర్లు పెట్టుకునేవాళ్ళు. చీకటి పడితే మాత్రం ఆ గోడ పక్కన ఒక్క పురుగు కూడా నిలబడేది కాదు. ఎందుకంటే, ఆ ఇల్లు మూలిగేది.

అవును... మూలిగేది! తెల్లవారుజామున, గల్లీ అంతా గాఢనిద్రలో ఉన్నప్పుడు — "ఊఁ... ఊఁ..." అని.

ఆ ఎదురింట్లో ఉండే విద్యావతి గారు చెబితే విన్నాను నేను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మన నల్లా నీళ్ళ మీద అసలే లేదు.

ఆ ఇంట్లో ఒకప్పుడు దమయంతమ్మ అనే ఒంటరి ఆవిడ ఉండేది. రోజు విడిచి రోజు వచ్చే నల్లా కోసం రాత్రంతా కాపలా కాసేది. నీళ్ళు రాగానే ఇత్తడి చెంబు పట్టుకుని ప్రతి గేటునూ ఠంగుఠంగున కొట్టి, "నల్లా వచ్చింది... లేవుండ్రి!" అని గల్లీ మొత్తాన్ని లేపేది. పక్కింటి ఇంద్రసేన గారి కూతురు అనూహ్య చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని వెనకాలే తిరిగేది. చివరి గేటు ఆ పిల్ల చేతే కొట్టించేది దమయంతమ్మ.

ఒక రాత్రి బిందెల పక్కన కూర్చునే, నల్లా కోసం చూస్తూ చూస్తూ ఆవిడ పోయింది. చుట్టాలు ఇంటికోసం కోర్టుకెక్కారు. ఇంటికి తాళం పడింది.

ఇక అప్పటి నుంచి మూలుగు.

అది వినగానే గల్లీ జనం దుప్పటి ముసుగు తన్నేవాళ్ళు. ధైర్యం తెచ్చుకుని ముసుగు తీసేసరికి నల్లా వచ్చి వెళ్ళిపోయి ఉండేది. రెండు వేల పన్నెండు ఎండాకాలం నాటికి గల్లీలో ఎవరి సంపు చూసినా అడుగు కనబడుతోంది.

అనూహ్యకు అప్పుడే పదహారు నిండాయి. ఎప్పుడు చూసినా నవలలే. పదహారేళ్ళు రాగానే పిల్లల అరచేతుల్లోంచి మంటలు లేచే నవలలు! పుట్టినరోజు రాత్రి తన చేతుల్లోంచి ఏమీ రాలేదని ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయింది. కిటికీలోంచి చెయ్యి చాపింది — పక్కనే ఆ చీకటి ఇల్లు.

"రా..." అంది గుసగుసగా.

ఏమీ లేదు.

మళ్ళీ చాపింది. ఇంకోసారి చాపింది. చెయ్యి లాగుతోంది, నిద్ర ముంచుకొస్తోంది...

"ఊఁ... ఊఁ..."

కెవ్వున అరిచింది. ఆ అరుపుకు ఇల్లంతా లేచింది. లేచి చూస్తే — నల్లాలో నీళ్ళు!

ఇంకేముంది? నల్లా రావాల్సిన ప్రతి రాత్రీ చెయ్యి చాపి కూర్చునేది. ఎప్పుడో ఒకప్పుడు మూలుగు వచ్చేది. చాపిన వందసార్లలో తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాలేదన్న సంగతి మంత్రగత్తెలు లెక్క పెట్టరు కదా. వెంటనే వీధిలోకి పరిగెత్తి గేట్లన్నీ కొట్టేది. సంపులు నిండాయి. చదువులో ఎప్పుడూ తిట్లు తినే పిల్ల, గల్లీకి దేవతయిపోయింది.

అదే సమయానికి ఇంటర్ ఫస్టియర్ మార్కులు వచ్చాయి. లెక్కల్లో తప్పింది. ఇంద్రసేన గారు సోమవారం నుంచి ఊరవతల హాస్టల్ కాలేజీ అన్నారు. ఆ పిల్లకు ఈ గల్లీ వదిలి పోవాలంటే ప్రాణం పోయినట్టయింది. విద్యావతి గారే అడ్డుపడ్డారు.

"పిల్లను పంపితే మాకు నల్లా ఎవరు చెప్తరన్నా? జర ఆలోచించుండ్రి."

ఆయన మెత్తబడ్డారు. సరిగ్గా అప్పుడే మన కుమారస్వామి జారిపడ్డాడు.

ఇంద్రసేన గారి మేడ మీద గదిలో కిరాయికుండి ఎస్సై పరీక్షకు చదివే కుర్రాడతను. దొంగలంటే భయం లేదు, దెయ్యాలంటే మాత్రం చెమటలు. ఆ రాత్రి స్నేహితుడి గదిలో చదువుకుని వస్తుంటే, సరిగ్గా గోడ పక్కకు రాగానే — "ఊఁ..."

పరిగెత్తబోయి చెప్పు తెగి, విరిగిన గోడ మీదుగా లోపల పడ్డాడు. చేతిలో సెల్ లైట్ వెలిగింది. ముఖానికి చల్లటి గాలి కొట్టింది... మొహం మీదే మూలుగు!

నల్లా గుంతలో పగిలిన పైపు. నీళ్ళకు ముందొచ్చే గాలి అందులోంచి ఊళ వేస్తోంది. అంతే! వెనకే నీళ్ళు బుడబుడా వచ్చి కుమారస్వామిని తడిపేశాయి.

పొద్దున్నే పైపుకు కట్టె బిరడా కొట్టి అందరికీ చెప్పాడు. గల్లీ పగలబడి నవ్వింది. అనూహ్య నవ్వలేదు. తన అరచేతులు చూసుకుని ఏడ్చింది.

"మంత్రం అయిపోయింది గద. పెట్టె సర్దు," అన్నారు ఇంద్రసేన గారు.

"ఇప్పుడు గూడ చెప్త డాడీ. రేపు రాత్రి చూడు."

"చెప్తే ఇక్కడ్నే ఉండు. చెప్పకపోతే హాస్టలే."

మర్నాటి రాత్రి పిల్ల చెయ్యి చాపి కూర్చుంది. ఆ ఇంట్లోంచి చప్పుడు లేదు. బిరడా గట్టిగానే పడింది పాపం. ఏడ్చి ఏడ్చి కిటికీ దగ్గరే నిద్రపోయింది...

ఠంగ్!

...ఠంగ్! ...ఠంగ్!

గల్లీలో గేట్లన్నీ మోగుతున్నాయి. జనం బిందెలతో బయటకొచ్చారు. నల్లాలు ధారగా పారుతున్నాయి. అనూహ్య కూడా ఒక బిందె పట్టుకుని, కళ్ళు నులుముకుంటూ గల్లీలోకి దిగొచ్చింది.

"నువ్వే కొట్టినవా?" అన్నారు ఇంద్రసేన గారు.

పిల్ల చుట్టూ నిండుతున్న బిందెలు చూసింది. "అవును డాడీ... నేనే."

తాళం వేసిన ఇంట్లో చెంబు కింద పడి దొర్లిన చప్పుడు.

ఆ ఇంట్లోకి దిగినవాడు అతనొక్కడే గదా అని అందరూ కుమారస్వామి వైపు చూశారు. అతను వాళ్ళ మధ్యనే, దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. అనూహ్య ఆ ఇంటి వైపు ఒకసారి చూసి, తండ్రి వైపు తిరిగింది.

"నేను కాదు డాడీ... నేను పండుకున్న. హాస్టల్‌కు పోత తియ్," అంది.

అందరి గేట్లూ మోగాయి గానీ, చివర్న ఉన్న ఇంద్రసేన గారి గేటు ఒక్కటే ఇంకా మోగలేదని విద్యావతి గారికి అప్పుడే తట్టిందట. ఆ గేటు దగ్గర ఎవ్వరూ లేరు.

అది మెల్లగా, పిల్ల నిలబడ్డ వైపు తెరుచుకుంది. ఎవరో పక్కకు జరిగి... "నువ్వు కొట్టు బిడ్డా" అని చోటిచ్చినట్టు.

అనూహ్య వెళ్ళి, చేతిలో బిందెతో కొట్టింది. ఠంగ్!

ఇంద్రసేన గారు చీకటి ఇంటి వైపు తిరిగి చేతులు జోడించారు.

"సరే పెద్దమ్మా... పిల్లను పంపను."